గుమ్మం దగ్గర విడవని బూట్లు



మా సంఘములో తొమ్మిదేళ్ల ఆడపిల్ల ఉన్నది. ఒక ఆదివారము బూట్లతో మందిరములోనికి రాబోతే ఆపినది మేమే. "విడిచి రామ్మా" అన్నాము. ఆ బిడ్డ మారు మాట్లాడక విడిచి, చల్లని గచ్చుమీద కుంటుకుంటూ వెళ్లి కూర్చున్నది. ఆరాధన తరువాత తల్లి ఆ బూటులోని సోలు బయటికి తీసి చూపించినది. "ఇది దాని పాదం కొలిచి చేయించినదండీ అయ్యగారూ. చెప్పుల్లో నిలవదు" అన్నది. మాకు మాట రాలేదు.

కీళ్లవాతం ముసలివారికే వస్తుందని అనుకుంటాము. పదహారేళ్లలోపు పిల్లలకు కూడ వస్తుంది. వారాలు గడిచినా కీలు వాపు తగ్గకపోతే, ఉదయం లేవగానే కాళ్లు బిగుసుకుపోతే, ఎదిగే వయసు నొప్పులని ఊరుకొనక డాక్టరుకు చూపించవలెను. శరీరమును కాపాడవలసిన రోగనిరోధక శక్తే కీళ్లమీద తిరగబడుట ఈ జబ్బు. ఎవరి పాపము వలనో వచ్చినది కాదు. ఆ మాట ఆ తల్లితో అన్నవారున్నారు గనుక చెప్పవలసివచ్చినది. కొందరికి ఏ సూచనా లేకుండ కంటిలోపల కూడ వాపు వస్తుంది. కళ్లు పరీక్ష చేయించుట మరువరాదు.

పాదం కీళ్లు వాచినప్పుడు బరువు ఒక్కచోటే పడి అడుగడుగునా నొప్పి. పాదం ఆకారానికి చేసిన సోలు ఆ బరువును అరికాలంతటికి పంచుతుంది, మడమ పక్కకు ఒరగకుండ పట్టుకుంటుంది. వేలూరులో డాక్టరు పాల్ బ్రాండుగారు కుష్ఠురోగులకు మెత్తని రబ్బరు చెప్పులు చేయించినదీ ఈ బరువు పంచుటకే. అమెరికాలో ఇటువంటి పిల్లలు 40 మందిమీద చేసి 2005లో ప్రచురించిన పరిశీలనలో, కొలిచి చేసిన సోళ్లు వాడినవారికి నొప్పి తగ్గి నడక వేగము పెరిగినది. పెద్ద ఆసుపత్రులలో కృత్రిమ కాళ్లు చేసే విభాగములో ఇవి చేస్తారు.

సోలు జబ్బును మాన్పదు. నడక బాగుపడినదని తండ్రి మందులు మానిపించబోతే వద్దన్నాము. పాదం పెరిగేకొద్దీ సోలు మార్పించవలెను. కొత్తది మొదట కొద్దిసేపే వేసి, చర్మం కందినదేమో చూడవలెను.

అయితే ఇంటిలో చెప్పులు వేయము, మందిరములో వేయము. ఇక ఆ సోలు పనిచేసేది ఎప్పుడు? పెద్దలతో మాట్లాడితే ఒకరు, మోషే పొద దగ్గర చెప్పులు విడిచిన సంగతి ఎత్తారు. మేము మెఫీబోషెతును గుర్తుచేశాము; రెండు కాళ్లు కుంటివాడైనా రాజు బల్లయొద్ద భోజనము చేసినవాడు. వాదన తెగలేదు గాని ఉపాయం దొరికినది. మందిరములో మాత్రమే వేసుకొనుటకు తల్లి వేరొక జత బూట్లు సంచిలో తెస్తుంది, సోలు అందులోనికి మారుస్తుంది. పోయిన ఆదివారము ఆమె మెట్టుమీద కూర్చుని మార్చుచుండగా, సంచి పట్టుకొని నిలబడినది ఆ పెద్దే.