తాయి కార్డు చెప్పని బరువు

బాగేపల్లి, చింతామణి పల్లెల్లో కడుపుతో ఉన్న మనిషి తూకమెక్కితే బరువు పెరిగిందా లేదా అన్నదే చూస్తారు. పెరిగితే ఇంటిల్లిపాదికీ నిమ్మళం. మా భయం ఆ నిమ్మళం గురించే.

ఈ కరువు సీమ తరతరాలుగా బక్కచిక్కిన తల్లులనే చూసింది. 2017 అక్టోబరు 2న కర్ణాటక మొదలుపెట్టిన మాతృపూర్ణ భోజనం వాళ్లకు ఇవాళ్టికీ కావాలి. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఈ రాష్ట్రంలో నూరుగురు ఆడవాళ్లలో బరువు తక్కువవాళ్లు 17 మందైతే, ఎక్కువున్నవాళ్లు 30 మంది. అందరికీ ఒకే మాట, ‘ఇద్దరి తిండి తిను’ అని చెబితే ఎలా?

ఐదడుగుల మనిషి 70 కిలోలతో నెల తప్పిందనుకుందాం. అమెరికా వైద్య సంస్థ 2009లో వేసిన లెక్కలో ఆమె కాన్పుదాకా పెరగాల్సింది 5 నుంచి 9 కిలోలు. మామూలు బరువున్న ఆమెకైతే 11.5 నుంచి 16. మనవాళ్లకు తక్కువ బరువుకే చక్కెర జబ్బు వస్తుంది గనుక, అదే ఎత్తుకు 58 కిలోలు దాటితే చాలు స్థూలకాయమని మన వైద్యులు లెక్కగడతారు.

తూకం అంకె చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు. బిడ్డ, మాయ, ఉమ్మనీరు, గర్భసంచి, పెరిగిన రక్తం కలిసి ఏడు కిలోల దాకా ఉంటాయి. మిగిలినదాంట్లో కొంత నీరు, చాలావరకు కొవ్వు. లావుగా ఉన్న తల్లి ఒంట్లో ఆ నిల్వ ముందే ఉంది. దానిమీద మరింత చేరితే రక్తపోటు, చక్కెర, బిడ్డ మరీ పెరిగి కష్టకాన్పు, కోత. అర్ధరాత్రి పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తే, బాగేపల్లి నుంచి బెంగళూరు దాదాపు వంద కిలోమీటర్లని మరువకూడదు.

బిడ్డనూ ఈ ముప్పు వదలదు. మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. కడుపుతో ఉన్నప్పుడు చక్కెర జబ్బు వచ్చిన తల్లుల ఆడపిల్లలకు ఐదేళ్లకే ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉంది.

అలాగని ఎవరూ పస్తులుండకూడదు, బరువు తగ్గే మందుల జోలికి పోకూడదు. లావుగా ఉన్నా రక్తం తక్కువున్న తల్లులెందరో. సంగటి ముద్ద చిన్నది చేసి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాలి. బేకరీ తిండి, తీపి టీలు మానాలి. డాక్టరు వద్దనకపోతే రోజూ నడవాలి. ఇంటి పెద్దవాళ్లు ‘కడుపుతో ఉన్నది కదలకూడదు’ అంటే, వాళ్లకు చెప్పాల్సింది ఆశా కార్యకర్తే.

జిల్లా ఆరోగ్యశాఖను మేం కోరేది ఇది. మొదటిసారి వచ్చినప్పుడే ఎత్తు కొలిచి, ఆమె ఎంత బరువు పెరగవచ్చో గర్భిణులకిచ్చే తాయి కార్డులో రాయండి. గ్లూకోజు తాగించి చేసే చక్కెర పరీక్ష అప్పుడోసారి, 24–28 వారాల మధ్య మరోసారి తప్పనిసరి చేయండి. రెండు గంటలకు 140 గానీ అంతకుమించి గానీ ఉంటే వెంటనే వైద్యం మొదలవ్వాలి. చింతామణి కోడళ్లలో మదనపల్లె వైపు పుట్టింటికి కాన్పుకు పోయేవాళ్లున్నారు. కాన్పైన ఆరు వారాలకు చేయాల్సిన చక్కెర పరీక్ష రాష్ట్రం దాటితే ఎవరి బాధ్యతో, రెండువైపుల అధికారులూ ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాలి.