మట్టికి మూడేళ్లు కావాలి, కౌలు మాత్రం ఒక్క ఏడాదే

చండ్రుగొండ మండలంలో కనకగిరి గుట్టల వైపు వెళ్తే అడవి ఎక్కడ ఆగిందో, చేను ఎక్కడ మొదలైందో కాలికే తెలుస్తుంది. చెట్ల కింద మట్టి మెత్తగా ఉంటుంది. గట్టు దాటి పత్తి చేలో అడుగు పెడితే గట్టిగా తగులుతుంది. అడవికి ఎవరూ యూరియా వేయరు. ఆకు రాలి కుళ్లుతుంది, ఆ కుళ్లే మట్టిలోని సూక్ష్మజీవులకు తిండి.

2025 వానాకాలంలో యూరియా కోసం రాష్ట్రమంతా సొసైటీల ముందు జనం చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టి నిలబడ్డారు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే. అంత చవగ్గా దొరికేది అందకపోయేసరికి సాగే ఆగిపోయేలా ఉందంటే, మన నేల సొంతంగా ఇచ్చేది ఎంత తగ్గిపోయిందో ఆలోచించాలి. ‘జమీన్‌లో బర్కత్ పోయింది’ అని పెద్దవాళ్లు అనేది దీన్నే.

లెక్కల భాషలో చెప్పాలంటే యూరియా ఏడాది ఖర్చు, మట్టిలోని సేంద్రియ కర్బనం మూలధనం. కంది, పెసర వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. మరికొన్ని బ్యాక్టీరియాలు మట్టిలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగిస్తాయి. ఈ పనివాళ్లందరికీ కూలి కర్బనమే. యూరియా వేయగానే ఇవన్నీ చచ్చిపోతాయని కాదు. ఏళ్ల తరబడి వాటికి తిండి పెట్టకుండా, పత్తి కట్టెను కూడా కాల్చేస్తుండటమే అసలు నష్టం.

2015లో కేంద్రం తెచ్చిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు ఇలా. మట్టిలో జీవం ఎంత ఉందో నేరుగా చెప్పే గడి ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో దానికి దగ్గరిది సేంద్రియ కర్బనం. అది 0.5 శాతం కంటే తక్కువుంటే నేల పేదదని అర్థం. కార్డు చేతికొస్తే ముందు ఆ గడి చూడండి.

ఇక అసలు చిక్కు. మట్టిలో కర్బనం పెరగడానికి కనీసం మూడు, నాలుగేళ్లు ఓపిక పట్టాలి. మన కుటుంబాల్లో వ్యవసాయం చేసేవాళ్లలో కౌలుదారులూ ఉన్నారు. కౌలు ఏడాదికి, అదీ నోటి మాట మీద. వచ్చే ఏడాది చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి ట్రాక్టర్ల కొద్దీ పశువుల ఎరువు ఎందుకు తోలిస్తాడు? రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు, అది పడేది పట్టాదారు ఖాతాలో. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డుకు కూడా ఏడాదే గడువు. కేంద్రం 2024 నవంబరులో 2,481 కోట్లతో ప్రకృతి సేద్య మిషన్‌కు ఆమోదం తెలిపింది. కౌలు గడువు పెరగకపోతే ఆ ఫలితం కౌలుదారు చేనుదాకా రావడం కష్టం.

మార్పు మన జిల్లాకు కొత్త కాదు. పాల్వంచ మండలం పునుకుల గ్రామంలో పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయారు. మహిళా సంఘాలు ముందుకొచ్చి వేపగింజల పొడి, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం వాడించాయి. 2003–04 నాటికి ఊరు పురుగుమందులు లేని గ్రామంగా నిలిచింది. ఒక్క ఏడాదిలో అయిన పని కాదది. తొందరపడితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021లో రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించి, దిగుబడి దెబ్బతినడంతో ఆ ఏడాది నవంబరులోనే వెనక్కి తగ్గింది.

కౌలు రైతు ఇప్పుడు ఏం చేయొచ్చు? అదే ఏడాది ఎంతో కొంత తిరిగొచ్చేవి ఎంచుకోవాలి. పత్తిలో కంది సాళ్లు వేస్తే పప్పూ వస్తుంది, రాలిన ఆకు నేలకూ మిగులుతుంది. వరికి ముందు జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే యూరియా కొంత తగ్గించుకోవచ్చు. మిర్చికి ఎండు తెగులు భయం ఉంటే, 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తడి చిలకరించి, వారం పది రోజులు నీడలో ఉంచి చేనులో వేయాలి. పత్తి కట్టెను కాల్చకుండా ముక్కలు చేసి దున్నేయాలి.

భూమి ఉన్న కుటుంబాలకు ఒక మాట. కౌలు మూడేళ్లకు రాసిచ్చి, ఎరువు తోలించినవాడికి కౌలులో కొంత తగ్గించండి. బాగుపడేది మీ నేలే. అయితే ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు కౌలుకివ్వడం కూడా భూ బదలాయింపు కిందికే వస్తుంది. కాగితం రాసుకునే ముందు ఆ భూమి ఏ పరిధిలో ఉందో తహసీల్దార్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

యూరియా లారీ ఎప్పుడొస్తుందన్నది మన చేతిలో లేదు. చేనులో రాలిన ఆకును కాల్చాలా, మట్టిలో కలపాలా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.