పట్టీ పడకపోతే ఇంటిబాటేనా?



గుంటూరు సైనిక నియామక కార్యాలయం ర్యాలీ ప్రకటించిందంటే చాలు, పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు పల్లెల్లో తెల్లారకముందే రోడ్ల మీద కుర్రాళ్ల పరుగులు మొదలవుతాయి. 1,600 మీటర్లు ఎంతలో పరుగెత్తాలో, ఎత్తు ఎంత ఉండాలో పత్రికలన్నీ వివరంగా రాస్తాయి. చేరినవాడు ఎన్నేళ్లు కొలువులో ఉంటాడో, ఆ ఏళ్లు దేనిమీద ఆధారపడతాయో మాత్రం ఎవరూ రాయరు. 2022లో ప్రకటించిన నాలుగేళ్ల నియామక పథకం అగ్నిపథ్‌కు ముందు చేరినవారి సంగతే తీసుకుందాం. సిపాయికి 17 ఏళ్లు, నాయక్‌కు 22, హవల్దారుకు 24, నాయబ్ సుబేదారుకు 26, సుబేదారుకు 28, సుబేదారు మేజర్‌కు 32. అర్హత ఉంటే ఎవరికైనా మరో రెండేళ్లు కలుస్తాయి. అంటే చొక్కా చేతి మీద నాయక్ పట్టీలు రెండు పడితే అయిదేళ్ల ఉద్యోగం దక్కినట్టు. పడకపోతే పంతొమ్మిదేళ్లకు చేరినవాడు నలభై నిండకుండానే పెట్టె సర్దుకోవాలి. మిగతా కొలువుల్లో పదోన్నతి అంటే జీతం, హోదా. సైన్యంలో అది అన్నం తినే ఏళ్ల లెక్క కూడా. ఈ ముడి విప్పాలన్నదే నా వాదన.

పనిమంతుడికి పట్టీ పడుతుంది, సోమరి ఇంటికి పోతాడు, ఇందులో తప్పేముంది అని అడిగేవారుంటారు. అలా జరిగితే తప్పు లేదు. కానీ పట్టీ పడాలంటే ముందు పైన ఖాళీ ఉండాలి. కేడర్ కోర్సు గట్టెక్కాలి, విద్యార్హత పరీక్ష ప్యాసవ్వాలి, సర్వీసు రికార్డులో ఎర్రసిరా శిక్షలు అడ్డురాకూడదు, వైద్య కేటగిరీ తగ్గకూడదు. మంచు కొండల్లో కాపలా కాస్తూ మోకాలు చెడగొట్టుకున్నవాడికి కేటగిరీ పడిపోతే పదోన్నతీ చిక్కులో పడుతుంది, రెండేళ్ల పొడిగింపూ చిక్కులో పడుతుంది. ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఒకడికి ఖాళీ దొరికి, మరొకడికి దొరక్కపోతే అది వాడి చేతగానితనం కాదు. ఈ మాట ప్రభుత్వమే ఒక రకంగా ఒప్పుకుంది. పదోన్నతి రాకున్నా 8, 16, 24 ఏళ్లకు జీతపు మెట్టు ఎక్కించే ఏర్పాటు జవాన్లకు ఉంది. దాని పుణ్యమా అని 16 ఏళ్లు నిండిన సిపాయి హవల్దారు స్థాయి జీతం అందుకోగలడు. ఏళ్లు మాత్రం సిపాయివే. 24వ ఏటి మెట్టు వాడు కళ్లజూడకుండానే ఇల్లు చేరతాడు. జీతం దగ్గర ఖాళీలు లేకపోవడం వాడి తప్పు కాదన్న సర్కారు, సర్వీసు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎందుకు మరిచిపోయింది?

సైన్యం యువకులతో ఉండాలన్నది అసలైన అభ్యంతరం. దీన్ని కొట్టిపారేయలేం. పదిహేను వేల అడుగుల ఎత్తులో బరువు మోసేవాడి వయసు ముఖ్యమే. కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని సమీక్షా సంఘం కూడా 17 ఏళ్ల సర్వీసును 7 నుంచి 10 ఏళ్లకు తగ్గించమనే సిఫారసు చేసింది. అయితే ఆ సిఫారసుకు రెండో సగం ఉంది: అలా విడుదలైనవారిని పారామిలిటరీ దళాల్లోకి తీసుకోవాలి. ఇన్నేళ్లుగా మొదటి సగాన్నే పట్టుకు వేలాడుతున్నాం. ఇంకో సంగతి. సైన్యమంటే కొండెక్కేవాళ్లే కాదు. వర్క్‌షాపులో ఇంజను విప్పేవాడు, స్టోరులో లెక్క రాసేవాడు, ఆసుపత్రిలో కట్టుకట్టేవాడు, లారీ నడిపేవాడు కూడా సైన్యమే. నలభై ఏళ్ల మెకానిక్ చెయ్యి ఇరవై ఏళ్లవాడి చేతికంటే ఎక్కువ తెలిసిందే అవుతుంది. 2020లో సైనిక వ్యవహారాల శాఖే సాంకేతిక, సరఫరా, వైద్య విభాగాల జవాన్ల పదవీ విరమణ వయసును 57కు పెంచాలని ప్రతిపాదించింది. అది కాగితం దాటలేదు. అధికారుల్లోనూ ర్యాంకును బట్టే విరమణ వయసు మారుతుంది. కర్నల్‌కు 54, బ్రిగేడియర్‌కు 56, మేజర్ జనరల్‌కు 58, లెఫ్టినెంట్ జనరల్‌కు 60. కాకపోతే అక్కడ కర్నల్ కాలేకపోయిన లెఫ్టినెంట్ కర్నల్ కూడా 54 దాకా ఉంటాడు.

యూనిఫాం కొలువుల్లో ర్యాంకును బట్టి ఏళ్లు మారడం తప్పదనేవారు కేంద్ర బలగాలను చూడాలి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీల్లో కమాండెంట్ వరకు 57 ఏళ్లకు, ఆపైవారికి 60కి విరమణ ఉండేది. 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ తేడాను తప్పుపట్టింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం అందరికీ 60 చేసింది. ఇవాళ ఐటీబీపీ కానిస్టేబుల్ హిమాలయాల్లోనే ఉంటూ అరవై ఏళ్లకు రిటైరవుతాడు. అదే కొండల్లో కాపలా కాసిన సిపాయి అప్పటికి ఇంటికొచ్చి ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది.

ఖర్చు పెరుగుతుందంటారా? నలభైకి ముందే ఇంటికి పంపి ముప్ఫై నలభై ఏళ్లు పింఛను ఇవ్వడం చవకేమీ కాదు. అదే మనిషి మరో ఇరవై ఏళ్లు ఆ కేంద్ర బలగాల్లో పనిచేస్తే పింఛను అంత వెనక్కి జరుగుతుంది, కొత్తవాడి శిక్షణ ఖర్చూ తగ్గుతుంది. రిజర్వేషన్లు ఉన్నాయి కదా అంటే, కేంద్ర గ్రూప్-సి కొలువుల్లో మాజీ సైనికులకు పది శాతం ఉన్న మాట నిజమే. కానీ అది మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ పరీక్ష, మళ్లీ అడుగునుంచి మొదలు. పిల్లలు ఇంటర్‌కొచ్చి ఫీజులు మీదపడే వయసులో మన ప్రాంతపు జవాను ఊరు చేరతాడు. చేతిలో ఉన్నది ఆఖరి జీతంలో సగం పింఛను. కౌలుకు పత్తి వేస్తే గులాబీ రంగు పురుగు, మిర్చి వేస్తే నల్లతామర. రెండూ తప్పించుకుంటే గుంటూరు మార్కెట్ యార్డులో ధర దెబ్బ. చివరికి ఏటీఎం ముందు కాపలా కుర్చీయే గతి.

ఇక 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ ఈ ముడిని ఇంకా బిగించింది. నాలుగేళ్లకు నలుగురిలో ఒక్కరికే కొనసాగింపు. మిగతా ముగ్గురికి పింఛనూ లేదు. కాబట్టి నేను కోరేది రెండే. సాంకేతిక, సరఫరా, వైద్య విభాగాల్లో పదోన్నతితో సంబంధం లేకుండా జవాన్లందరికీ ఒకే విరమణ వయసు పెట్టాలి. పోరాట దళాల్లో గడువు ముగిసినవారిని మళ్లీ పరీక్ష లేకుండా, సీనియారిటీ పోకుండా నేరుగా కేంద్ర బలగాలకు బదిలీ చేయాలి. గుంటూరు, బాపట్ల, ఒంగోలు ఎంపీలు ర్యాలీ మైదానంలో జెండా ఊపడంతో సరిపెట్టకుండా, 2020 నాటి ఆ ప్రతిపాదన ఏమైందో పార్లమెంటులో రక్షణ మంత్రిని అడగాలి.

— ఒక పాఠకుడు, పర్చూరు