సంవత్సరం లేని కార్డు

ఫిబ్రవరి ఆఖర్లో ఏ లెవెల్ ఫలితాలు వస్తాయి. మార్చి మధ్యకల్లా యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టేయాలి. ఆ మూడు వారాలూ సింగపూర్‌లో తెలుగువాళ్ల ఇళ్లల్లో ఫోన్లు ఎలా మోగుతాయో ఆ వయసు పిల్లలున్న ప్రతి తల్లికీ తెలుసు. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో మోగిన ఫోన్లన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: "హిస్టరీయా? ఏం, మార్కులు తగ్గాయా?"

తగ్గలేదు. అదే నా బాధ. తగ్గి ఉంటే సరిపెట్టుకునేదాన్ని. "సరదా ఉంటే సెలవుల్లో చదువుకోవే, డిగ్రీ దేనికి?" అని నేనే మా అమ్మాయితో పదిసార్లు అన్నాను. మనకి చరిత్ర అంటే ఏమిటి? అశోకుడు దారికి ఇరువైపులా చెట్లు నాటించెను. పానిపట్టు యుద్ధాలు మూడు. పదో తరగతి పరీక్ష అయిన రోజే సోషల్ పుస్తకాన్ని అటకెక్కించాం. ఆ తర్వాత దాని మొహం చూసేది గ్రూప్స్ రాసేవాళ్లే.

మా అమ్మాయి మాట వినలేదు. నేషనల్ యూనివర్సిటీలో హిస్టరీలో చేరింది. ఆ శాఖ నిన్న మొన్నటిది కాదు. 1928లో మొదలైన రాఫెల్స్ కాలేజీ 1949లో యూనివర్సిటీ ఆఫ్ మలయాలో కలిసింది. ఇప్పటి యూనివర్సిటీకి మూలం అదే. మన ఆఫీసుల్లో అందరూ చెప్పుకునే పార్కిన్సన్స్ లా, అదే, పని ఉన్న సమయమంతా సాగుతుందనే సూత్రం, రాసిన పార్కిన్సన్ 1950లలో ఇక్కడ హిస్టరీ ప్రొఫెసరే. ఇది చెప్పి మా వారిని కొంత మెత్తబరిచింది.

మొదటి ఏడాది ఏం నేర్పారని అడిగితే ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. 1942 ఫిబ్రవరి 15. బ్రిటిష్‌వాళ్లు బుకిట్ తిమా ఫోర్డ్ ఫ్యాక్టరీలో జపాన్‌వాళ్లకు లొంగిపోయిన రోజు. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది, మనవాళ్లు ఊరినుంచి చుట్టాలొస్తే తీసుకెళ్తుంటారు. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కులో 40 వేలకు పైగా భారతీయ సైనికుల్ని జపాన్‌వాళ్లకు అప్పగించారు. అక్కడి నుంచే మొదటి ఆజాద్ హింద్ ఫౌజ్. 1943 జులైలో సుభాష్ చంద్రబోస్ వచ్చారు. అక్టోబరు 21న కాథే భవనంలో తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించారు. మర్నాడు వాటర్లూ స్ట్రీట్‌లో ఝాన్సీ రాణి దళం శిబిరం మొదలైంది. కెప్టెన్ లక్ష్మి నాయకురాలు. దళంలో ఎస్టేటు కూలీల ఆడపిల్లలు ఎందరో. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. వారంవారం నేను కూరగాయలకు వెళ్లే దారులివి.

"అవే సంవత్సరాల్లో ఇంకొకటి జరిగింది, అమ్మా" అంది. థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం. మలయా రబ్బరు, కొబ్బరి తోటల నుంచి తమిళుల్నీ, మన తెలుగువాళ్లనీ, మలయ్‌వాళ్లనీ ఆ పనికి తీసుకుపోయారు. కొందర్ని డబ్బాశ చూపి, కొందర్ని బలవంతంగా. ఆ లైను మీద చనిపోయిన యుద్ధ ఖైదీలు 12 వేల పైచిలుకు. ఆసియా కూలీల లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. 90 వేలని ఒకరు, అంతకన్నా ఎక్కువని మరొకరు. కాంచనబురి శ్మశానంలో దాదాపు 7 వేల మంది సైనికులకు సమాధులు వరసగా, శుభ్రంగా ఉంటాయి, చాలావాటి మీద పేరూ వయసూ చెక్కి. కూలీలకు అలాంటి వరసలు లేవు. "బోస్ ఇక్కడికి వచ్చేటప్పటికి ఇది కూడా జరుగుతూ ఉంది. రెండూ ఒకే పేజీలో రాయాలి. ఎలా రాయాలో నేర్పుతున్నారు." నాకు అంతగా నచ్చలేదు. మన ఇళ్లల్లో గోడ మీదుండే ఫొటో గురించి పిల్ల అలా మాట్లాడితే ఎవరికి నచ్చుతుంది? కాదని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఒక్క ముక్క లేదు.

ఆధునిక చరిత్ర అంటే తెలుసు, సమకాలీన చరిత్ర అంటే ఏమిటని అడిగాను. సాక్షులు ఇంకా ఉన్న చరిత్ర అంది. ఉదాహరణకి, 1965 ఆగస్టు 9న మలేషియా సింగపూర్‌ని గెంటేసిందని ఇక్కడ అందరూ చెప్పుకునేవారు. టీవీలో లీ క్వాన్ యూ కన్నీళ్లు పెట్టుకున్నది ఇప్పటికీ చూపిస్తారు. గో కెంగ్ స్వీ ఆల్బట్రాస్ అని పేరుపెట్టి దాచుకున్న ఫైలు బయటికొచ్చాక, విడిపోవడం గురించి రెండు వైపులా కూర్చుని మాట్లాడుకున్నారని మామూలు జనానికీ తెలిసింది. కన్నీళ్లు అబద్ధం కాదు, ఫైలూ అబద్ధం కాదు. ఆమాట నాకు తర్వాత పనికొచ్చింది.

మూడో ఏడు చివర్లో థీసిస్‌కి మలయా, సింగపూర్‌లలోని తెలుగు కూలీల్ని ఎంచుకుంది. వెతకడంలోనే మొదటి చిక్కు. నేషనల్ లైబ్రరీ పాత పత్రికల్ని ఆన్‌లైన్‌లో పెట్టింది, స్ట్రెయిట్స్ టైమ్స్ 1845 నుంచీ ఉంది. 'తెలుగు' అని కొడితే కొంచెమే దొరికింది. అప్పట్లో ఇంగ్లీషువాళ్లు మన భాషని 'తెలెగు' అని రాసేవారట. అలా కొడితే కుప్పలు. అంతకు ముందు కాలానికి 'జెంటూ'. ఇక దక్షిణాది వాళ్లందర్నీ కలిపి 'క్లింగ్' అనేవారు. కళింగ నుంచి వచ్చిన ఆ మాట ఇక్కడ తిట్టుగా మారింది. ఇంత పాతకాలం నుంచీ ఉన్నా తెలుగువాళ్లు కాగితాల్లో వేరుగా కనపడేది అక్కడో ఇక్కడో. సింగపూర్ తెలుగు సమాజం పుట్టింది 1975లో. అంతకుముందు ఇక్కడికి వచ్చిన తెలుగువాడి గురించి ఎవర్ని అడగాలి?

"మా చిన్నతాత మలయా వెళ్లాడే" అని యథాలాపంగా అన్నది నేనే.

అమ్మ వాళ్ల నాన్నకి తమ్ముడు ఆయన. యలమంచిలి దగ్గర మా పల్లె నుంచి 1937లో, కూలీల వలసని ప్రభుత్వం ఆపేయడానికి ఏడాది ముందు, పెరాక్‌లో కొబ్బరి ఎస్టేటుకి వెళ్లాడు. యుద్ధంలో సయాం రైలు పనికి తీసుకుపోయారని, అక్కడే పోయాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన భార్య, మా చిన్నమ్మమ్మ, మా తాతయ్య ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లల్లేరు. అమ్మని పెంచింది ఆవిడే. 1950లో పుట్టిన అమ్మ ఆవిడ నుదుట బొట్టు ఎప్పుడూ చూడలేదు. చిన్నతాత వాటా భూమి తాతయ్య భూమిలో కలిసిపోయింది.

పోయిన డిసెంబరులో ఊరెళ్లినప్పుడు ఇనప్పెట్టె దింపించాం. దస్తావేజుల మధ్య ఏడు కార్డులు. మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇక్కడి బళ్లలో రెండో భాషల జాబితాలో తెలుగు లేదు, మా పిల్ల హిందీ తీసుకుంది. అలా హిస్టరీ వద్దని పోట్లాడిన నేను దాని పక్కన కూర్చుని కార్డులు చదివి పెట్టేదాన్నయ్యాను. అదీ సులువు కాలేదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు, అరసున్నలు, 'ఉభయకుశలోపరి'. ఆరు కార్డులు యుద్ధానికి ముందువి. మనియార్డరు అందిందా, గేదె ఈనిందా, తమ్ముళ్లెవర్నీ ఇక్కడికి పంపొద్దు.

ఏడోది వేరు. తేదీ ఉన్నచోట 'చైత్ర బహుళ పంచమి' అని మాత్రమే ఉంది. సంవత్సరం లేదు. తపాలా ముద్ర చెరిగిపోయి 'సింగ' అన్నంతవరకే కనపడుతోంది. నేను చదివాను: సయాంలో రైలు పని చేశాను, బతికి వచ్చాను, ఇప్పుడు సింగపూర్‌లో ఉన్నాను, మద్రాసు ఓడ టిక్కెట్టుకి డబ్బు పంపితే ఇంటికి వస్తాను, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

మా పిల్ల స్టాంపు వంక చూస్తోంది. రాజు తల మీద నల్లగా 'బీఎంఏ మలయా' అని అచ్చొత్తి ఉంది. బ్రిటిష్ మిలిటరీ అడ్మినిస్ట్రేషన్. 1945లో జపాన్ ఓడిపోయాక వచ్చిన స్టాంపులవి, 1948 దాకా వాడారు. అంటే ఈ చైత్రం 1946, 47, 48లలో ఏదో ఒకటి. అమ్మ పుట్టేనాటికే ఆ కార్డు మా ఇంట్లో ఉంది. చిన్నమ్మమ్మకి చదువు రాదు. 1983లో పోయింది.

ఆ రాత్రి నేను తాతయ్యని మనసులో ఎన్ని మాటలన్నానో. భూమి కోసం తమ్ముణ్ణి చంపేశాడు, బతికున్నవాడి పెళ్లాం చేత బొట్టు తీయించాడు అని. ఆ భూమిలో అమ్మ వాటాకి వచ్చిన ముక్క 1996లో అమ్మి నన్ను ఇంజినీరింగ్‌లో చేర్పించారు. అది కూడా ఆ రాత్రే గుర్తొచ్చింది.

నన్ను ఆపింది మా పిల్లే. "మనకు తెలిసింది కార్డు వచ్చిందని, పెట్టెలో ఉందని. తాతయ్య డబ్బు పంపలేదని ఎవరు చెప్పారు? పంపితే ఆ కాగితం అటు చేరిందో లేదో మనకు తెలియదు కదా" అంది. ఇంకో మాట, ముందు ఆరు కార్డుల చేతిరాతా, ఏడోదాని చేతిరాతా ఒకటి కాదు. రాయించుకున్నాడేమో. లేక ఆయన పేరు చెప్పి ఇంకెవరైనా డబ్బు అడిగారేమో. తాతయ్యకి కూడా అదే అనుమానం వచ్చి ఉండొచ్చు. అలాగని దస్తావేజుల మధ్య ఎందుకు దాచాడు? కాగితంలో ఏముందో ఎంత ముఖ్యమో, కాగితం ఎక్కడ దొరికిందో కూడా అంతే ముఖ్యమట. పిల్ల తాతయ్యని వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. నాకు అంత ఓర్పు లేదు.

మనుషుల్ని ఇంటర్వ్యూ చేసి రాయాలంటే వాళ్ల అనుమతి సంతకం కావాలి. కార్డుల గురించి, చిన్నమ్మమ్మ గురించి చెప్పాల్సింది అమ్మే. ఫోన్లో చెప్పగానే అమ్మ అంది: "ఏటీ? మా నాన్న దొంగని మీ పిల్ల పరీక్షలో రాస్తాదా?"

నాలుగు రోజులు మాట్లాడలేదు. నేను మా అమ్మాయితో ఇంకో విషయం తీసుకోవే అన్నాను. అది 'మనకు తెలియని మన చరిత్ర' ఇంగ్లీషు ప్రతిని నా ముందు పెట్టింది. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటలు వాళ్ల నోటే చెప్పించి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం. తెలుగులో నేను చదవాల్సినదాన్ని సింగపూర్ క్లాసులో చదివి నాకు చూపిస్తోంది. "వాళ్లకీ ఇళ్లున్నాయి కదమ్మా, వాళ్లకీ పరువులున్నాయి" అంది. అని ఊరుకుంది, బలవంతపెట్టలేదు. అమ్మమ్మ వద్దంటే కార్డుల్లేకుండానే రాస్తానని వాళ్ల ప్రొఫెసరుకి మెయిలు కూడా పెట్టేసింది.

అయిదో రోజు అమ్మే ఫోన్ చేసింది, నాకు కాదు, మనవరాలికి. "ప్రతి మహాలయ అమావాస్యకీ మా నాన్న తమ్ముడి పేరున స్వయంపాకం ఇచ్చేవాడు. పోయిన తిథి తెలీనివాళ్లకి ఆ రోజే ఇస్తారు. బతికున్నాడని తెలిస్తే ఎవడైనా ఇస్తాడా? అది రాస్తావా?" అని అడిగింది. రాస్తానంది. "చిన్నమ్మ ఆ రోజు వంటింట్లోంచి బయటికొచ్చేది కాదు. అదీ రాస్తావా?" కాసేపాగి అమ్మే మళ్లీ అడిగింది. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. చిన్నమ్మమ్మకి ఏం తెలుసో, ఎంత తెలుసో.

మే నెలలో అమ్మ సింగపూర్ వచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గర ఫోను రికార్డు చేస్తుంటే రెండు గంటలు చెప్పింది. మధ్యలో నేను కాఫీ ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. సంతకం పెట్టేముందు ఒక షరతు పెట్టింది. వాళ్ల నాన్న పేరు రాయకూడదు, ఊరి పేరూ మార్చాలి. తమ్ముడి పేరు మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. "ఆ రైలు పనికి పోయినోళ్లకి పేర్లు లేవన్నావు కదా" అంది.

ఇప్పుడు వాళ్లిద్దరూ ఆ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలా అని తలలు పట్టుకున్నారు. ఎస్టేటు గుమాస్తా ఎలా రాసి ఉంటాడో తెలియకపోతే పాత రికార్డుల్లో దొరకడు. మా అమ్మాయి ఇప్పటికి తొమ్మిది రకాలుగా రాసింది. ఆ పేరు ఇక్కడ నేను రాయడం లేదు. అమ్మ ఒప్పుకున్నది థీసిస్‌కి మాత్రమే.