పాతబండి చేసిన పాపమేమి?

పదిహేనేళ్ళు దాటిన బండి కనిపిస్తే చాలు, తుక్కుకు పంపమని ఉపదేశించే పర్యావరణ ప్రేమికులు ఈమధ్య ఎక్కువయ్యారు. అయ్యా, మీరు చూస్తున్నది బండినా, కాగితం మీది తేదీనా?

మా ఇంట ఉన్నది చేతులు మారి వచ్చిన క్వాలిస్. ఆ బండి తయారీయే 2005లో ఆగిపోయింది. పర్ణశాల నుంచి భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్లు. ముసలివాళ్ళు, పిల్లలు, బియ్యం బస్తాలు, అన్నీ అందులోనే. వేళకు ఆయిలు మారుస్తాను. వానలకు ముందే బ్రేకులు విప్పించి చూపిస్తాను. పొగ పరీక్షకు ఏనాడూ జంకలేదు.

కొత్త బండి గాలిలోంచి పుట్టదు కదా! ఉక్కు కరగాలి, బొగ్గు మండాలి. సింగరేణి పక్కన బతికేవాళ్ళకు ఇది వేరే చెప్పాలా?

పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలన్నది చట్టం. మంచిదే. బండిని నిలబెట్టి పరీక్షించండి, తప్పితే ఆపేయండి. కానీ 600 రూపాయల రుసుము 2022లో 5000, ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకు 2025లో 10000 ఎందుకయింది? నెగ్గిన బండికి జరిమానా ఏమిటి? కొత్తబండి వాయిదాలు కట్టగలిగినవాడికి ఇదొక లెక్క కాదు. కట్టలేనివాడు కాగితాలూ పరీక్షలూ మానేసి అడవిదారిన తిప్పుకుంటాడు. అప్పుడు ఆ పొగను కొలిచేదెవరు?