వెల లేని ప్రాణము, వెలగల వైద్యము

పూర్వము తెనుగునాట కుక్క వాకిటి జీవి. ఇంటిల్లిపాది తినగా మిగిలిన అన్నము, వాన కురిసినపుడు పశువులపాకలో ఇంత చోటు, దొంగ వచ్చిన రాత్రి గొంతు చించుకొని మొఱుగుట - ఇంటివారికిని దానికిని నడుమ ఉండిన ఒడంబడిక ఇంతియే. జబ్బు చేసినచో అది ఏ గడ్డివామి చాటుననో రెండు దినములు ముడుచుకొని పడియుండి, గరిక నమిలి, బ్రతికినచో తోక ఆడించుకొనుచు తిరిగివచ్చెడిది; లేనిచో వచ్చెడిది కాదు. దాని వైద్యమునకు ఎవరును మందుచీటీ వ్రాయలేదు, ఎవరును రొక్కము చెల్లింపలేదు.

ఆ వాకిలి ఇపుడు చాల ఇండ్లకు లేదు. విజయవాడలోను, విశాఖపట్నములోను, హైదరాబాదులోను నాలుగవ అంతస్తున కాపురముండు కుటుంబమున పామరేనియనో, లాబ్రడారో పిల్లల మంచము మీదనే నిద్రించుచున్నది. దానికొక పేరున్నది, పుట్టినరోజున్నది. ఇంటి యిల్లాలు దానిని గూర్చి పొరుగువారితో చెప్పునపుడు "మా చిన్నవాడు" అనియే అనుచున్నది. ఇట్టి ప్రాణికి ఒకనాటి రాత్రి వాంతులు పట్టుకొన్నపుడు గృహస్థునకు ఎదురగు ప్రశ్న అతని తాతగారికి ఎన్నడును ఎదురు కాలేదు. ఎంతవరకు ఖర్చు పెట్టవలెను? ఎచట ఆగవలెను? ఈ ప్రశ్నను నలుగురిలో ఎత్తుటకు తెలుగు గృహస్థు సిగ్గుపడుచున్నాడు. పెట్టినచో పిచ్చివాడని నవ్వుదురేమో యని భయము. పెట్టలేకపోయినచో కఱకు గుండెవాడని అందురేమో యని భయము. ఈ రెండు భయముల నడుమ నలుగునది నోరులేని జంతువు.

పార్వో అను వ్యాధిని ఉదాహరణముగా గైకొనవచ్చును. దీనిని కలిగించు వైరసు కుక్కలలో బయటపడినది 1978 ప్రాంతమున. రెండేండ్లలో అది ఖండఖండాంతరములకు వ్యాపించినది. ఆరు వారములు మొదలు ఆరు నెలల వరకు వయసుగల పిల్లలకు ఎక్కువగా సోకును. మొదట పిల్ల తిండి మానును. పిమ్మట వాంతులు, దుర్గంధముతో కూడిన రక్తవిరేచనములు. ప్రేగుల లోపొర దెబ్బతినును, నెత్తురులోని తెల్లకణములు పడిపోవును, ఒంటిలోని నీరు ఇంకిపోవును. నిన్న చెప్పులు కొఱికి పాఱవేసి తిట్లుతిన్న పిల్ల నేడు తల ఎత్తలేదు. సాధారణముగా వైద్యుడు చేయగలిగినదెల్ల నరమునకు సెలైను ఎక్కించుచు, వాంతులు కట్టించుచు, అదను చూచి చొరబడు ఇతర సూక్ష్మజీవులను మందులతో అణచుచు, ఆ పిల్ల తనంత తాను కోలుకొనువరకు ప్రాణమును నిలిపియుంచుటయే. వైద్యము లేనిచో చాలవఱకు చచ్చిపోవును. సకాలమున ఆస్పత్రిలో చేర్చినచో చాలవఱకు బ్రతుకును. ఆ రెండింటి నడుమ ఉన్నది నాలుగైదు రాత్రుల సెలైను, ఆ సెలైనుకు అయ్యెడి బిల్లు.

ఆ బిల్లు వేలలో పెరుగును. పట్టణములలో పదివేలు దాటినను వింత లేదు. వైద్యుడు దోచుకొనుచున్నాడని అనుట సులభము. అట్టివారును లేకపోలేదు. కాని పద్దులను ఓపికగా చదివిన గృహస్థునకు అందు వింతయేమియు కనబడదు. మనుష్యుల ఆస్పత్రిలో వాడునట్టి సెలైనే, అట్టి సూదులే, అట్టి రక్తపరీక్షలే. రాత్రియంతయు కనిపెట్టియుండు మనిషికి జీతమీయవలెను. అయినచో ఇంత భారముగా తోచుటకు కారణమేమి? మనుష్యుని వైద్యవ్యయము చాల సందర్భములలో మఱుగున జరిగిపోవుచున్నది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములు, ఉద్యోగుల ఆరోగ్యకార్డులు, బీమా కంపెనీలు దానిని మోయుచున్నవి. శస్త్రచికిత్సకు నిజముగా ఎంత అగునో రోగి యెఱుగడు. వైద్యమునకు గల నిండు వెల ఎంతయో మధ్యతరగతి గృహస్థు తొలిసారి తెలిసికొనుచున్నది తన కుక్క బిల్లులోనే.

అపుడు పొరుగువాడు ఒక లెక్క చెప్పును. ఎనిమిదివేలకు కొన్న కుక్కకు ఇరువదివేల వైద్యమా? దీనిని పోనిచ్చి మఱియొక పిల్లను కొనరాదా? ఈ లెక్క క్రొత్తది కాదు. జంతువైద్యశాస్త్రమే వెలగల జంతువులచుట్టు పెరిగినది. శాలిహోత్రుని పేర వెలసినది అశ్వశాస్త్రము. పాలకాప్యుని పేర వెలసినది గజశాస్త్రము. తెలుగున మనుమంచి భట్టు పద్యకావ్యము వ్రాసినదియు గుఱ్ఱములను గూర్చియే. రాజునకు యుద్ధమున పనికివచ్చు జంతువునకు వైద్యుడు దొరకెను. 1860 నాటి భారత శిక్షాస్మృతియు ఇట్టి త్రాసునే పట్టుకొన్నది. పది రూపాయల వెలగల జంతువును చంపినచో ఒక శిక్ష; ఏబది రూపాయల వెలగల జంతువైనచో అంతకంటె పెద్ద శిక్ష; ఏనుగు, గుఱ్ఱము, ఎద్దు వంటివానికి వెలతో పనిలేదు. అనగా వీధికుక్కను చంపినవానిని శిక్షింపవలెనన్నచో ముందుగా దాని ఖరీదు తేల్చవలసి యుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత తన 325వ విభాగమున ఈ రూపాయల లెక్కను తీసివైచినది. ఇపుడు ఏ జంతువైనను జంతువే. చట్టము మానుకొన్న బేరమును పొరుగువాడు ఇంకను మానుకొనలేదు.

వెలతో నిమిత్తము లేని దయయు ఈ నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములున్నవి. వానిలో రెండవ శాసనము మనుష్యులకును పశువులకును రెండు విధములైన వైద్యము ఏర్పాటు చేయించినట్లు చెప్పుచున్నది. ఓషధులు లేనిచోట తెప్పించి నాటించినట్లును చెప్పుచున్నది. పశువులన్నపుడు వెలగలవి, వెలలేనివి అను విభాగము అందు లేదు.

ఇక రెండవ ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. మందులు లేక మనుష్యులు చచ్చుచున్న దేశమున కుక్కకు వేలు పోయుట అన్యాయము కాదా? విననంతనే తల వంచుకొనవలసిన మాట వలె తోచును. కాని ఈ మాట అనువారిలో పలువురు పెండ్లిపందిటికిని, పట్టుచీరకును ఇంతకు పదిరెట్లు పెట్టునపుడు మందులులేని మనుష్యుని తలచుకొనినట్లు కనబడదు. కుక్క బిల్లు కట్టనిచో ఆ పైకము పేదవాని మంచముకడకు నడచిపోవునను నమ్మకమునకు ఆధారము లేదు. పైగా ఆ జంతువు తనంత తాను ఆ యింటికి రాలేదు, ఇంటివారే తెచ్చుకొనిరి.

అయినను ఈ ఆక్షేపణలో ఒక ముక్క నిజము కలదు. పిల్లవాని కాలేజీ ఫీజు ఎగవేసి, ఇల్లాలి మెడలోని గొలుసు కుదువబెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పండ్రెండేండ్ల ముసలికుక్కకు శస్త్రచికిత్స చేయింపవలెనని ఎవరును శాసింపజాలరు. చేయించినవాని ప్రేమ గొప్పదే. చేయింపలేనివాని ప్రేమ తక్కువయని చెప్పుటకు మాత్రము ఎవరికి అధికారము కలదు? ప్రేమను బిల్లుతో తూచుట కుక్కను కొన్న వెలతో తూచుటకంటె మేలైన పని కాదు.

ఇచట భారతకథలోని కుక్కను మఱియొకసారి చూడవలసియున్నది. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన ఆ కుక్కకు జాతి లేదు, పేరు లేదు, దానిని ఎవరును కొనలేదు. ఇంద్రుడు దానిని విడిచి రథమెక్కుమనగా ధర్మరాజు ఒల్లలేదు. ఆయన దానికి చేసిన ఉపకారము చూడబోయిన ఏమియు లేదు, విడువకుండుట ఒక్కటియే. నన్నయ భారతము మొదటనే సరమ కథ కలదు. యజ్ఞవాటికకు వచ్చిన కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లి సరమ వచ్చి, సాధుజీవులకు తప్పు చేసినవారికి కారణము లేని భయములు కలుగునని రాజుతో చెప్పి పోయినది. భారతము కుక్కతో మొదలై కుక్కతో ముగియుచున్నదని పెద్దలు చమత్కరించుటయు కలదు. రెండుచోట్లను తప్పొప్పులు తేలినది ఖర్చువలన కాదు.

ఈ విడువకుండుట అను ధర్మమును ఇప్పటి ఇంటికి అన్వయించిన ఏమగును? చేతనైన వైద్యము చేయించుట విడువకుండుటయే. వైద్యము ఫలింపదని తేలినపుడో, శక్తికి మించినదైనపుడో, ప్రక్కన కూర్చుండి తల నిమురుచు వైద్యునిచేత నొప్పిలేని మరణము నిప్పించుటయు విడువకుండుటయే. దానికి చేయి వణకినవారిని నిందింపరాదు, చేయించినవారిని అంతకంటె నిందింపరాదు. విడుచుట అనగా వేఱు. బిల్లు సంగతి వినినంతనే రాత్రికి రాత్రి కారులో తీసికొనిపోయి బైపాసు రోడ్డున దింపివచ్చుట, ఆస్పత్రిలో చేర్చి ఫోను ఎత్తకుండుట విడుచుట. మెడకు పట్టీ గల జాతికుక్కలు రోడ్లప్రక్కన తిరుగుట జంతుసంరక్షకులు ఎఱిగిన సంగతియే. రుక్మిణీదేవి అరండేల్ పార్లమెంటున పట్టుబట్టగా వచ్చిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ఆకలిదప్పులకు గుఱియగునట్లు జంతువును విడిచిపెట్టుటను నేరమే అన్నది. కాని మొదటి నేరమునకు జుల్మానా పది రూపాయల నుండి ఏబది రూపాయలు మాత్రమే. ఆ అంకెలు నేటికిని మాఱలేదు. ఒక పూట సెలైను కంటె నేరము చవుక.

విడుచుటకును, ఇల్లు గుల్ల చేసికొనుటకును నడుమ దారి లేకపోలేదు. పలువురు వైద్యులు దానిని ముందుగా చెప్పరు, గృహస్థు అడుగడు. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయపు పశువైద్యులు పార్వో సోకిన పిల్లలను రెండు జట్లుగా చేసిరి. మొదట అన్నింటికిని నరమునకు సెలైను ఎక్కించి తెప్పఱిల్లజేసి, ఒక జట్టును ఆస్పత్రిలోనే ఉంచి, రెండవ జట్టునకు ఇంటివద్ద చేయదగిన తక్కువ ఖర్చు వైద్యము - చర్మము క్రింద ఎక్కించు ద్రవము, దీర్ఘకాలము పనిచేయు ఒక్క ఇంజెక్షను, వాంతులకు మందు - చేసి చూచిరి. మొదటి జట్టున పదింట తొమ్మిది బ్రతికినవి. రెండవ జట్టున పదింట ఎనిమిది. 2017లో ప్రకటితమైన ఈ పరిశీలన పేదవాని కుక్కకు పెద్ద వరము. ఉత్తమమైన వైద్యము లేదా చావు అని రెండే తలుపులు చూపు వైద్యుడు మూడవ తలుపును గూర్చి చెప్పుట తన వృత్తికి చిన్నతనమని భావింపరాదు. చేర్చుకొనుటకు ముందే అంచనాను కాగితముమీద వ్రాసియిచ్చుటయు అట్టిదే.

బ్రిటనులో 1917లోనే మారియా డికిన్ అను ఆమె లండనులోని వైట్‌చాపెల్ పేటలో పేదల జంతువులకు ఉచితవైద్యశాల తెఱచినది. ఆ సంస్థ నేటికిని నడచుచున్నది. ఆ దేశముననే 2013లో నూటికి పదిగా ఉండిన పెద్ద కంపెనీల వాటా పదేండ్లలో సుమారు అఱువదికి పెరిగి, పశువైద్యశాలలు చాలవఱకు వారి చేతులలోనికి పోగా, ధరలపై గగ్గోలు పుట్టి, పోటీ వ్యవహారముల అధికారసంస్థ 2023లో విచారణకు పూనుకొన్నది. కరుణతో మొదలైనది కరుణతోనే సాగునను హామీ లేదని ఇందువలన తెలియుచున్నది. హైదరాబాదులో గొలుసుకట్టు క్లినిక్కులు తలయెత్తుచున్న ఈ దినములలో గమనింపదగిన సంగతి.

గృహస్థు తనంత తాను చేసికొనదగిన పనియు కలదు. స్వీడనులో కుక్కలకు బీమా 1924 నుండియే ఉన్నది. భారతదేశమున పాడిపశువుల బీమా పాతదే గాని, పెంపుడు కుక్కల వైద్యవ్యయమునకు ప్రైవేటు కంపెనీలు విరివిగా పథకములు తెచ్చినది 2020 తరువాతనే. వయసు హద్దులు, టీకాలు వేయించిన రుజువులు, అంతకుముందే ఉన్న జబ్బులకు వర్తింపకుండుట - ఈ షరతులను సంతకమునకు ముందు చదువుకొనవలెను. అది ఒల్లనివాడు కుక్కను తెచ్చిన నెలనుండియే నెలకు 500 రూపాయలు వేఱుగా ఉంచినచో మూడేండ్లకు 18,000 అగును. పిల్లల పెండ్లికని చీటీ కట్టు ఇల్లాలికి ఈ విద్య ఒకరు నేర్పనక్కఱలేదు.

అన్నిటికంటె చవుకైనది టీకా. ఆరు నుండి ఎనిమిది వారముల వయసున మొదలిడి, మూడు నాలుగు వారములకొకసారి, పదునాఱు వారములు నిండువఱకు వేయింపవలెను. తల్లిపాలవలన వచ్చిన రక్షణ తొలి టీకాలను పనిచేయనీయకపోవచ్చును గనుక చివరిది ముఖ్యము. పలువురు మొదటిదానితోనే ఆగుదురు. పిల్ల చచ్చిన దుఃఖము తీఱకముందే మఱియొక పిల్లను అదే యింటికి తెచ్చువారును కలరు. ఆ వైరసు మట్టిలో నెలల తరబడి బ్రతికియుండును. బ్లీచింగు నీటితో కడిగినగాని గచ్చునేల నుండి పోదు. రెండవ బిల్లు అచటినుండియే పుట్టుచున్నది.

మిగిలినది ప్రభుత్వపు వంతు. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలోని పశువైద్య కళాశాలల ఆస్పత్రులు తక్కువ రుసుముతో వైద్యము చేయుచున్నవి. గ్రామములలో 1962 నంబరుకు ఫోను చేసినచో సంచార వైద్యవాహనము వచ్చుచున్నది. కాని జబ్బు పగటివేళ చూచి రాదు, కళాశాల ఉన్న ఊరు చూచి రాదు. జిల్లాకేంద్రమున కొక్క పశువుల ఆస్పత్రినైనను రాత్రింబవళ్ళు తెఱచి, ఒక వైద్యుని, ఒక ఎక్స్‌రే యంత్రమును, రక్తపరీక్షకు సాధనములను అచట ఉంచినచో అర్ధరాత్రి ఈనలేక అల్లాడు గేదెకును, వాంతులతో సొమ్మసిల్లిన కుక్కపిల్లకును ఒక్క కప్పు క్రిందనే వైద్యము దొరకును.