సంపాదకుని మాట: వ్యాసం మొత్తం ఇచ్చి అడగండి

మా వ్యాసాల సారాంశాన్ని చాట్‌జీపీటీతో రాయించుకుని చదువుతున్నామని కొందరు పాఠకులు చెబుతున్నారు. తప్పేం లేదు, తీరిక ఎవరికుంది! కానీ లింకు మాత్రమే ఇస్తే, పేజీ తెరుచుకోకపోయినా అది ఒక్కోసారి ఊరుకోదు. శీర్షిక చూసి మిగతాది అల్లేస్తుంది. అందుకే వ్యాసం మొత్తం కాపీ చేసి ఇవ్వండి, ఇందులో ఉన్నదే చెప్పమనండి. అప్పుడు కూడా పేర్లు, తేదీలు, అంకెలు అసలుతో సరిచూసుకోవాలి.

తెలుగుకు ఇంకో చిక్కుంది. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కూర్చిన పాత పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేస్తే అక్షరాల బదులు అర్థంకాని గుర్తులు వస్తాయి. స్కాన్ చేసిన సంచికలైతే ఉత్త బొమ్మలే. ఓసీఆర్‌తో వాటిని అక్షరాలుగా మార్చినా ఒత్తులు, గుణింతాలు తారుమారవుతుంటాయి. అతికించాక మీరే ఒకసారి చదువుకోండి.

అందుకే ఈ సంచిక నుంచి వ్యాసాలను యూనికోడ్ టెక్స్ట్‌గానూ ఇస్తున్నాం. కథలను మాత్రం ఇవ్వడం లేదు.